పత్తి షెడ్డు కాలిన ఏడాది

షెడ్డు కాలిపోతోందని ఫోను వచ్చినప్పుడు గుల్నాజ్ ఎమ్మిగనూరులో ఉంది. మగ్గాల దగ్గర మిగిలిన గుడ్డముక్కలను మూటలు కట్టించి ఆటోలో వేయిస్తోంది.

"నిప్పంటుకునింది మేడమ్. లోపల ఎవురూ లేరు, అందరూ బయటికొచ్చినారు," అన్నాడు కాపలా ఉండే జయన్న.

"సరే, వస్తాండా," అని ఫోను పెట్టేసింది. మిగిలిన మూటలు కూడా ఎక్కించమని ఆటో అతనికి చెప్పింది. వాటితో ఇక పనేముందో ఆలోచించలేదు.

ఆమె తండ్రి గఫూర్ సాబ్ ఆదోనిలో పరుపులు కుట్టేవాడు. దూది దుమ్ములో పెరిగిన గుల్నాజ్ ఎంబీఏ చదివి హైదరాబాదులో ఒక పెద్ద కంపెనీలో చేరింది. ఆ కంపెనీ పల్లెలకు చేసే మేలు గురించి నివేదికలు రాయడం ఆమె పని. కాగితం మీద పల్లెలు ఏటికేడు బాగుపడేవి. సెలవుల్లో ఇంటికి వస్తే మాత్రం కౌతాళం వైపు ఊళ్లలో సగం ఇళ్లకు తాళాలు కనబడేవి. పంట చేతికి రాని ఏడు జనం పిల్లాపాపలతో గుంటూరు దిక్కు మిరపకాయలు కోయడానికి పోతారు. దాన్నే అక్కడ సుగ్గి అంటారు. సుగ్గికి పోయిన పిల్లలు మళ్లీ బడి మొహం చూడడం అరుదు.

ఉద్యోగం మానేసి కౌతాళం దగ్గర ఒక పల్లెలో షెడ్డు తీసుకుంది. పత్తి నుంచి గింజ తీసే జిన్నింగు మిల్లులు పారేసే దూది, ఎమ్మిగనూరు గుడ్డముక్కలు తెచ్చి అక్కడి ఆడవాళ్లతో పరుపులు, దిండ్లు కుట్టించింది. బెంగళూరు దుకాణాలు కొన్నాయి. ఆ ఆడవాళ్లు సుగ్గి మానేశారు. అందరికంటే ముందు వచ్చి చేరిన ముత్తమ్మ కూతురు సాయిశ్రీ పదో తరగతికి వచ్చింది.

ఆ షెడ్డంతా ఒక్క మధ్యాహ్నం భోజనాల వేళలో కాలిపోయింది. వైరింగు సరిగా లేదని బీమా వాళ్లు చేతులెత్తేశారు. పరామర్శకు వచ్చినవాళ్లకు గుల్నాజ్ టీలు ఇచ్చింది, అడిగినదానికల్లా జవాబు చెప్పింది.

"ఒక్కపారి ఏడువు అమ్మీ," అన్నాడు గఫూర్ సాబ్.

"ఏడుపు రావడంలే నాయనా," అంది. అబద్ధం కాదు. పంటికి మత్తు సూది వేసినప్పుడు దవడ ఉందో లేదో తెలియదే, అట్లా ఉంది ఒళ్లంతా.

సంక్రాంతి పోయినాక, సుగ్గికి కూలీలను తీసుకుపోయే మేస్త్రీ బండి పల్లెకు వచ్చింది. గుల్నాజ్ వెళ్లేసరికి ఆడవాళ్లు గిన్నెలు, బియ్యం మూటలు ఎక్కిస్తున్నారు. ఎవరూ ఆమె మొహం చూడలేదు. సాయిశ్రీ కూడా సంచితో నిలబడి ఉంది.

"పాపనెందుకక్కా తీసకపోతాండావు?"

"ఒక్కదాన్ని యాడిడిసిపెట్టేది?" అంది ముత్తమ్మ.

"మా ఇంట్లో ఉండనీ. మాయమ్మ చూసుకుంటుంది. పొద్దున బస్సుకు ఈడికే బడికొస్తుంది."

ముత్తమ్మ కూతురి సంచి తీసి గుల్నాజ్ చేతికిచ్చింది. గుల్నాజ్ సాయిశ్రీని ఆదోనిలో తన తల్లి బడేబీకి అప్పజెప్పి, బండి కదిలేలోగా రెండు జతల బట్టలతో తిరిగి వచ్చి తానూ ఎక్కింది.

"నీకేం కర్మమ్మా ఇది? చదువుకున్నదానివి!" ముత్తమ్మ గట్టిగానే అరిచింది.

"ఈడుండి ఏం చేయాలక్కా," అంది గుల్నాజ్.

గుంటూరు చేలల్లో ఆమె అందరికంటే తక్కువ కోసింది. ఘాటుకు చేతులు మండేవి, నీళ్లలో పెడితే ఇంకా మండేవి. ఆ మంట బాగానే ఉందనిపించింది. ఏదో ఒకటి తెలుస్తోంది కదా. రాత్రి పట్టల గుడిసెలో ఆడవాళ్లు నవ్వుకుంటుంటే పక్కనే పడుకుని వినేది. మళ్లీ మొదలుపెడదామని వాళ్లకు మాటిచ్చిందీ లేదు, వాళ్లు అడిగిందీ లేదు.

ఉగాదికి తిరిగి వచ్చారు. కొన్నాళ్లకు సాయిశ్రీ పదో తరగతి పాసయిందని తెలిసింది. బడేబీ అందరి నోట్లో చక్కెర పోసింది. గుల్నాజ్ నవ్వింది. సంతోషం వస్తుందేమోనని కాసేపు ఎదురుచూసింది.

ఆ వారంలోనే ముత్తమ్మ ఆదోనికి వచ్చింది. "షెడ్లో కాలినవి పోను నాలుగు కుట్టు మిషన్లు ఇంగా తిరుగుతాండాయంట. జయన్న నూనె పోసి పెట్టినాడు. ఏం సేద్దామంటావు?"

"నాకేం తెలీడంలేదక్కా."

"తెలీకపోతే పోనీలే. కుట్టేది మాకు తెల్సు. అమ్మేది నువ్వు సూడు."

గఫూర్ సాబ్ తన పరుపుల అంగట్లో ముందు భాగం ఖాళీ చేసి ఇచ్చాడు. పాతవాళ్లలో ఆరుగురే వచ్చారు. మిగతావాళ్లు వచ్చే ఏటి సుగ్గికి మేస్త్రీకి మాటిచ్చేశారు, వాళ్లను గుల్నాజ్ బతిమాలలేదు. పరుపుల జోలికి పోకుండా దిండుగలీబులతో మొదలుపెట్టారు. ఎలక్ట్రీషియన్ వచ్చి కొత్త వైర్లు లాగుతుంటే ఆమె స్టూలు పట్టుకుని నిలబడింది. పని అయ్యాక ప్రతి స్విచ్చూ తానే వేసి, ఆర్పి చూసింది. తర్వాత బెంగళూరు దుకాణానికి ఫోను చేసింది. అవతల ఎవరో ఎత్తి, "చెప్పండి," అన్నారు. చెప్పడం మొదలుపెట్టింది.