మా వదిన ఆ కాళ్ల మీద పడలేదు

మా వదిన పోయిందని కంబదూరు నుంచి వచ్చిన మనిషి గుంతకల్లులో మా గుమ్మం ముందు నిలబడి చెప్పాడు. జ్వరమన్నాడు, అంతకు మించి అతనికీ తెలియదు. నేను ఊరు చేరేసరికి ఆమెను అరుగు మీద గోడకు ఆనించి కూర్చోబెట్టి, నుదుట పెద్ద బొట్టు పెట్టి, మెడలో పూలు వేశారు. నేనింకా ఆమె దగ్గరికి పోనేలేదు. వెనక ఎవరో పెద్దాయన పక్కనున్న కుర్రవాళ్లకు చెబుతున్నాడు.

"ఈయమ్మ సినిమాలో పడిందప్పా. కరువులో హీరో వచ్చి బియ్యం ఇస్తే కాళ్ల మీద పడి ఏడుస్తాదే, ఆ ఆడమనిషి ఈయమ్మే."

నాకు ఏడుపు ఆగిపోయింది. ఒళ్లు మండిపోయింది. చావింట్లో గొడవెందుకని మా అన్న నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు కాబట్టి ఊరుకున్నాను. ఆ రోజు మింగిన మాట ఇంకా గొంతులోనే ఉంది. అందుకే ఇది రాస్తున్నాను. మా వదిన ఎవరి కాళ్ల మీదా పడలేదు.

ఆమెది రాప్తాడు దగ్గర ఒక పల్లె. మా అన్నను చేసుకుని మా ఇంటికి వచ్చేనాటికి నాకు పెళ్లి కాలేదు. ఇద్దరం కలిసి వేరుశనగ చేలో కలుపు తీసేవాళ్లం, కలిసి నీళ్లకు పోయేవాళ్లం, కలిసి సినిమాకు పోయేవాళ్లం. కంబదూరులో పంటలు ఇంటికొచ్చాక డేరా వేసేవారు. టౌన్లలో ఆడని సినిమాలే మా డేరాకు ఎక్కువ వచ్చేవి. పేరున్న బొమ్మ మా దాకా వచ్చేసరికి రీళ్లు అరిగిపోయి తెర మీద వాన కురిసినట్టు గీతలు పడేవి. "నిజం వాన లేకపోయినా ఇదన్నా కురుస్తాంది" అనేది వదిన, ఒళ్లో బొరుగుల మూట విప్పుతూ.

నేల మీద, ఆడవాళ్ల తడక పక్కన కూర్చుని, సినిమా నడుస్తుండగానే తనకు తోచింది పైకి చెప్పేసేది. దేవుడు కరుణించి వాన కురిపించే సినిమా ఒకటి వచ్చింది. "ఆ మబ్బు గుడ్డది మే. కుట్టు కనపడతాంది చూడు" అంది. పక్కవాళ్లు నవ్వి చచ్చారు. ఒక కన్నడ సినిమా చూసి, "మాటలు సగం తెలిసినాయి, ఏడుపంతా తెలిసింది" అంది. మధ్యలో రీళ్లు పోయిన సినిమా ఒకటి వస్తే అందరూ డేరా యజమానిని తిట్టారు. ఈమె మాత్రం, "ఉన్నింటే ఇంగా పాడయిపోయేది, పోనీలేప్పా" అంది. ఆమెకు నచ్చింది ఒక్కటే. తోడికోడళ్లు ఇద్దరు ఒక ఆవు కోసం తగువు పడి, చివరిదాకా కలవకుండానే పోతారు. ఆ సినిమా ఎక్కడా ఆడలేదట. "కడాకు అందరూ కలిసి పాట పాడలేదు. ఇది ఒకటి నిజం చెప్పింది" అని ఏళ్ల తరబడి చెప్పుకునేది.

కరువు ఏడాది మద్రాసు నుంచి సినిమావాళ్లు వచ్చారు. వరుసగా వానలు లేవు. పశువుల్ని అమ్ముకున్నాం, అమ్ముడుపోనివి కళ్ల ముందే పోయాయి. రోడ్డు పనిలో రాళ్లు కొట్టి బతుకుతున్నాం. ఊళ్లో గంజి కేంద్రం పెట్టారు. పొద్దున్నే పోయి పొయ్యి రాజేసి, పెద్ద గంగాళంలో గంజి కాచి, ముసలివాళ్లకూ పిల్లలకూ పోసింది మా వదినే. అందరికీ పోశాకే ఆమె తాగేది. కొన్నిసార్లు అడుగున ఏమీ మిగిలేది కాదు. ఇది ఊరంతా చూసింది. ఊరంతా మర్చిపోయింది కూడా.

సినిమావాళ్లకు కరువు కావాలట. నీళ్లు ఎండి ఇసక తేలిన వంకలో కెమెరా పెట్టి మా ఆడవాళ్లను పిలిచారు. మధ్యాహ్నం అన్నం పెడతామన్నారు, పోయాం. ఇంకా ఎండినట్టు కనబడాలని మా మొహాలకు బొగ్గుపొడి పూశారు. "ఇంగా ఎండల్లనా సామీ?" అని వదిన అడిగితే ఆ పూసే మనిషి తల పక్కకు తిప్పుకున్నాడు.

తర్వాత డైరెక్టరు ఆమె చేతికి ఒక ఖాళీ కుండ ఇచ్చాడు.

"అమ్మా, ఈ కుండలోకి చూసి ఏడవాలి. నీ బిడ్డ ఆకలితో ఉన్నాడనుకో."

"అనుకునేదేముండాది? ఈడనే ఉండాడు కదా, చూడు" అని వంక గట్టున కూర్చున్న మూడేళ్ల కొడుకును చూపించింది.

ఆయన వాడి వైపు చూశాడు. "మరి ఏడుపు రాదా?"

"రాదు. నా బిడ్డ ముందర నేను యాడవను."

ఎంత చెప్పినా వినలేదు. చివరికి ఆయన విసిగి, కుండ పట్టుకుని ఊరికే నిలబడమన్నాడు. కెమెరా వైపు చూడొద్దన్నాడు. ఆమె కెమెరాలోకే సూటిగా చూసింది. తీసుకున్నారు. అన్నం పెట్టారు. లారీ ఎక్కి పోయారు.

ఆ సినిమా పేరు నేను రాయను. మర్చిపోయి కాదు. నా చేత్తో ఆ పేరు రాయడం నాకిష్టం లేదు.

వానలు పడ్డాక, ఒక పంట ఇంటికొచ్చాక, అది మా డేరాకు వచ్చింది. ఊరంతా కదిలి పోయాం. మా వంక కనబడగానే ఈలలు. వదిన మొహం తెర నిండా కనబడింది. ఆమె నా మోకాలి మీద చెయ్యి వేసి గట్టిగా నొక్కింది. ఆ కళ్లూ ఆ చూపూ ఇప్పటికీ నాకు కనబడుతున్నాయి. ఆ సినిమాలో మంచిది ఏదన్నా ఉంటే అదొక్కటే.

అంతలో ఇస్త్రీ చొక్కా వేసుకున్న హీరో బియ్యం మూటతో దిగాడు. మా వదిన చీర రంగు చీరే కట్టుకున్న ఒక ఆడమనిషి, వెనక నుంచి మాత్రమే కనబడుతూ, పరిగెత్తి వచ్చి ఆయన కాళ్ల మీద పడింది. "దేవుడివయ్యా, దేవుడివి" అని ఎవరిదో గొంతు ఏడ్చింది. వెంటనే మళ్లీ మా వదిన మొహం. చూసేవాళ్లకు ఇద్దరూ ఒకటే.

వదిన లేచి నిలబడింది.

"అది నేను గాదు! నేను పడలేదు! ఏయ్, ఆపప్పా, అది నేను గాదు!"

డేరా అంతా నవ్వింది. ఆమె చేతి గంజి తాగినవాళ్లు కూడా నవ్వారు. నా కోపం మద్రాసువాళ్ల మీద ఎంతో, ఆ నవ్వు మీద అంతకంటే ఎక్కువ. మద్రాసువాళ్లకు ఆమె ఎవరో తెలియదు. వీళ్లకు తెలుసు.

ఇంటికొచ్చాక మా అన్న సర్దిచెప్పబోయాడు. "సినిమా కదా, వాళ్ల కథ వాళ్ల ఇష్టం. నువ్వేల మనసుకు పెట్టుకుంటావు?"

"కథ వాళ్లదే. మొగం నాది" అంది వదిన.

మరుసటి రోజు మళ్లీ పోయింది. ఆ మరుసటి రోజూ పోయింది. ఆ సీను రాగానే లేచి నిలబడేది, అదే మాట చెప్పేది. ఆమె అరుపు వినడానికే కొందరు రావడం మొదలుపెట్టారు. డేరా యజమాని మొదట సంతోషపడ్డాడు. తర్వాత పెద్ద మనుషులు కొందరు, ఆడదాని నోరు ఆపలేవా అని అతన్ని గదమాయించారు.

ఆ సినిమా టౌన్లలో వారం కూడా నిలవలేదని నేను పెళ్లయి గుంతకల్లు వచ్చాక తెలిసింది. ఎవరికీ గుర్తులేదు. అట్టర్ ఫ్లాపు. దేశమంతా మరిచిపోయిన ఆ బొమ్మ మా ఊళ్లో మాత్రం బతికి ఉంది, మా వదిన నెత్తిన. కూలిపని చోట "కాళ్లమ్మ" అని పిలిచేవాళ్లు. సరదాకేనట. ఆమె పలికేది కాదు. అసలు పేరుతో పిలిచేదాకా తలెత్తకుండా పని చేసుకునేది. సినిమాలకు పోవడం మాత్రం మానలేదు. "వాళ్లు మనల్ని చూసిపోయినారు. మనం వాళ్లని చూడల్ల కదా" అనేది. తెర మీద ఎవరైనా పేదమనిషి చేతులు జోడిస్తే చాలు, నా చెవిలో అడిగేది: "ఇంటికి పోయినాక ఆ మనిషి ఏమనుకుని ఉంటాది మే? అది చూపించరేం?"

ఎన్ని సినిమాలు చూశానో. ఏ ఒక్కదానిలోనూ అది చూపించలేదు.

ఆ బొమ్మ మా డేరాలో ఆడిన ఆఖరి రోజు సంగతి చెప్పి ముగిస్తాను. అరుపు ముందున్నవాళ్లకు వినబడకుండా ఉండాలని యజమాని ఆ రోజు వదినను ముందు కూర్చోనివ్వలేదు. "అమ్మా, నీకు దండం పెడతా, వెనక కూర్చో. మిషన్ చప్పుడులో నీ ఇష్టమొచ్చినంత అరుచుకో" అన్నాడు. వదిన వెనక్కి నడిచింది. నేనూ పోయాను. ప్రొజెక్టరుకు ముందు, మగవాళ్ల బెంచీల వెనక, ఇద్దరం కింద కూర్చున్నాం. మా తలల మీదుగా వెలుగు పోతూ ఉంది. దుమ్ము అందులో తిరుగుతూ ఉంది.

సీను వచ్చింది. హీరో దిగాడు. ఆ ఆడమనిషి పరిగెత్తుకొచ్చింది. వదిన లేచి నిలబడింది. ఈసారి అరవలేదు. అరవాల్సిన పని లేకపోయింది. నిలబడగానే వెలుగంతా ఆమె వీపు మీద పడి, ఆమె నీడ తెర నిండా లేచింది. బియ్యం మూట లేదు, ఇస్త్రీ చొక్కా లేదు, కాళ్లు లేవు. దేవుడివయ్యా అనే గొంతు మాత్రం ఎక్కడినుంచో వినబడుతోంది. కూర్చోమని ఎవరూ అనలేదు. మిషన్ తిప్పే ఆయన కూడా అనలేదు. జనమంతా వెనక్కి తిరిగి ఒకసారి ఆమెను, ముందుకు తిరిగి ఒకసారి తెరను చూశారు.

ఆ సీను అయిపోయేదాకా మా వదిన నడుము మీద రెండు చేతులూ పెట్టుకుని, తల ఎత్తి, అట్లాగే నిలబడి ఉంది.