ఆమె భూమి, ఆయన పాన్ కార్డు

పొద్దున పేపరు మడత ఇంకా విప్పలేదు. తలుపు తీస్తే పై అంతస్తు ఆవిడ నిలబడి ఉంది. మాకు ఈ ఫ్లాటు అమ్మింది ఆమే.

"సార్, నా పేరు మీద పన్ను కట్టిన్నంటివి గద. ఏడ కట్టినవ్?"

"కట్టానమ్మా. రసీదు కూడా ఉంది."

"రసీదుంటే నాకేంది? కొండాపూర్ల ఆడిటర్ నా లెక్క తెరిచి సూసిండు. ఆడ ఏం లేదు. తియ్యి నీ రసీదు, ఏముందో సూద్దాం."

తీశాను. కొన్నవారి చోట నా పేరు సరిగ్గానే ఉంది. అమ్మినవారి చోట ఆమె భర్త పేరు ఉంది. ఆమె ఆ పేరు మీద వేలు పెట్టి, తీయకుండా నావైపు చూసింది.

"భూమి మా నాయన నాకిచ్చిండు. రిజిస్ట్రేషన్ల వేలిముద్ర నేనేసిన. పన్ను మాత్రం ఈయన కట్టిండా?"

ఇల్లు కొనేవారికి ఈ నియమం తెలిసిందే. ధర యాభై లక్షలో, అంతకు మించో ఉంటే, అమ్మేవారికి ఇవ్వాల్సిన సొమ్ములో నూటికి ఒక రూపాయి చొప్పున కొనేవాడు పట్టుకుని, వాళ్ల తరఫున ప్రభుత్వానికి కట్టాలి. ఇద్దరి పాన్ నంబర్లూ పోర్టల్‌లో నింపితే, ఆ మొత్తం అమ్మినవారి లెక్కలో జమ అవుతుంది. తర్వాత రిటర్ను వేసేటప్పుడు వాళ్లు దాన్ని తాము కట్టిన పన్నుగా చూపుకుంటారు. కట్టే చెయ్యి ఒకరిది, ఆ డబ్బు మరొకరిది. అమ్మినవారి నంబరు తప్పు పడితే ఇద్దరికీ చిక్కే.

గోపన్‌పల్లిలో ఈ స్థలం ఆమెకు పసుపు కుంకుమల కింద తండ్రి రాసిచ్చింది. అప్పుడది జొన్న చేను. చుట్టూ కంపెనీల అద్దాల భవనాలు లేచాక బిల్డరు వచ్చాడు. చేను అపార్ట్‌మెంటయింది. ఆమె వాటాకు కొన్ని ఫ్లాట్లు వచ్చాయి. కాగితాల్లో అన్నిచోట్లా ఆమె పేరే. అయితే వాళ్లింట్లో పసుపు కుంకుమల భూమి ఆడబిడ్డదే గాని, దాని బేరం మగవాడిది. ఈ పక్క పాత కుటుంబాలు చాలావాటిలో ఇదే తీరు చూశాను. బ్రోకరు నన్ను తీసుకెళ్లింది ఆయన దగ్గరికే. ధర తేల్చింది ఆయనే. ఆమె చాయ్ తెచ్చినప్పుడు కూర్చోమన్నాను. "మీరు మాట్లాడుకోండ్రి" అని లోపలికి వెళ్లిపోయింది.

పన్ను కట్టడానికి పాన్ కావాలంటే ఆయన తన జేబులోంచి కార్డు తీసిచ్చాడు.

"ఇల్లు అమ్మగారి పేరు మీద ఉంది కదండీ. ఆమె కార్డు కావాలేమో?"

"ఆమెది గూడ ఉన్నది సార్, రిజిస్ట్రేషన్‌కు ఇస్త. పన్నుల లొల్లి మొత్తం నా మీదనే నడుస్తది. ఆమెకేం తెల్వది. నువ్వు పరేషాన్ గాకు."

అలాగే జరిగింది. దస్తావేజు లేఖరి దస్తావేజులో ఆమె పాన్ వేశాడు. చెక్కు ఆమె ఖాతాకు వెళ్లింది. పన్ను ఒక్కటే ఆయన కార్డు మీద పడింది. రిజిస్ట్రేషన్ రోజు కాగితాలన్నీ ఒకటికి రెండుసార్లు తిరగేశారు గాని, ఆన్‌లైన్‌లో నేను కట్టిన పన్నును దస్తావేజు పక్కన పెట్టి చూసినవారు లేరు.

ఆమె వచ్చి వెళ్లిన వెంటనే దిద్దుబాటుకు దరఖాస్తు పెట్టాను. తిరస్కరించారు. ఆ జమను ఆయన అప్పటికే తన రిటర్నులో చూపించి, రిఫండు తెప్పించుకున్నాడట. పై అంతస్తుకు వెళ్లి అడిగాను.

"వచ్చినయి సార్. సర్కారు ఇచ్చింది, తీసుకున్న. కారుకు కొత్త టైర్లేయించిన."

"అవి మీవి కావండీ."

"నాయి గాకపోతే ఎవలియి? ఇద్దరికి ఒక్క పొయ్యి మీదనే గద వండేది!"

వంటింట్లోంచి ఆమె గొంతు వినిపించింది. "అయితె నీ చేవెళ్ల పొలం గూడ నా పేరు మీద రాయి. ఒక్క పొయ్యే గద!"

ఆయన నవ్వబోయి ఆగాడు. "సూసినవా సార్? నీ పన్ను మా ఇంట్ల పంచాయితి పెట్టింది."

నా పన్నట! నాకు నవ్వు రాలేదు. ఆ నెలలోనే నాకు నోటీసు వచ్చింది. ఫలానా ఆమె దగ్గర ఇల్లు కొన్నారు, ఆమె పేరున పన్ను కట్టలేదు, వడ్డీతో కట్టండి అని. కట్టిన రసీదు జత చేసి జవాబిస్తే, రసీదులో ఉన్న వ్యక్తి వేరు అని మళ్లీ జవాబు. పన్నుల కార్యాలయంలో ఒక కిటికీ దగ్గర, అది అమ్మినవారి పరిధిలో తేలాలన్నారు. అమ్మినవారి పరిధికి వెళితే, కట్టింది మీరు గనుక మీ పరిధిలోనే అన్నారు. పత్రికలో విలేఖరిగా పనిచేసే రోజుల్లో ఇలాంటి తిరుగుళ్లు తిరిగినవాళ్ల కథలు చాలా రాశాను. రాయడం తేలిక.

చివరికి ఒక అధికారి ఓపిగ్గా విన్నారు. ఆ భర్త రిఫండు తిరిగి కట్టి, ఈ జమ తనది కాదని రాసిస్తే, భార్య పేరుకు మార్చే వీలుందన్నారు. ఆ మాట పై అంతస్తుకు వెళ్లి చెప్పాను.

"రాసిస్తే దొంగనని ఒప్పుకున్నట్టే గద సార్," అన్నాడాయన. "నువ్వే ఇంకోపారి ఆమె పేరు మీద కట్టరాదు? కతం."

విసుగెత్తి, అదే మేలనుకున్నాను. కానీ ఆమె ఒప్పుకోలేదు.

"వద్దు సార్. నువ్వు మల్ల కడితే మొదటిది ఈయనదే అయితది. అవి నా పైసల్లకెల్లి కోసినయి. నా పేరు మీదికే రావాలె. మా నాయన ఇచ్చిన భూమికి పన్ను నేను కట్టిన్నని సర్కారు లెక్కల ఉండాలె."

ఆయన కదల్లేదు. ఇంతలో ఇంకో ఫ్లాటుకు బేరం కుదిరింది. షరా మామూలే, మాట్లాడింది ఆయనే. కొనేవాళ్లు రిజిస్ట్రేషన్‌కు రోజు పెట్టుకుని, సెలవు పెట్టి వచ్చారు. కింద కారు స్టార్టు చేసి ఆయన హారన్ కొడుతున్నాడు. ఆ జమ తనది కాదని ఆయన రాసివ్వాల్సిన కాగితం చేత పట్టుకుని, ఆమె మెట్ల మీద, మా గుమ్మం ముందు కూర్చుంది.

"పోదాం రా, టైమైతుంది," అని ఆయన పైకొచ్చాడు.

"ఆ పన్ను కాయితం మీద నువ్వు సంతకం పెట్టు. నేను ఆడ రిజిస్ట్రేషన్ల వేలేస్త."

"మంది ముందల ఇజ్జత్ తీస్తున్నవ్."

"కార్డు నీది ఇచ్చిన నాడు నా ఇజ్జత్ యాదికి రాలే?"

నావైపు చూశాడు, నేనేమైనా సర్దిచెబుతానేమోనని. నేను పెన్ను తెచ్చి ఇచ్చాను.

సంతకం పెట్టాడు. ఆ వారంలోనే రిఫండు తిరిగి కట్టాడు. ముగ్గురం కలిసి వెళ్లి దరఖాస్తు ఇచ్చాం. అధికారి ఆమె చేతే పైకి చదివించారు. తన పేరు దగ్గర ఆమె గొంతు కాస్త పెంచింది. త్వరలో మారుస్తామన్నారు.

ఆ తర్వాత ఆ అధికారికి బదిలీ అయింది. ఆ కుర్చీలో ఇంకా ఎవరూ చేరలేదు. పోర్టల్‌లో నేను కట్టిన పన్ను ఈరోజుకీ ఆయన పేరు మీదే ఉంది. నా మీది నోటీసూ అలాగే ఉంది.