మావని వెనక్కి పిలిచిన గొంతు

దెయ్యాలంటే నాకు నమ్మకం లేదు. శకునాలంటే అంతకన్నా లేదు. మా కళింగపట్నంలో సముద్రం మీద చేపల వేటకి బయల్దేరినవాణ్ణి వెనకనుంచి పిలవకూడదు. పిలిస్తే వాడు కాసేపు కూర్చుని, మంచినీళ్లు తాగి గానీ కదలడు. అది చూసి నేను పగలబడి నవ్వేవాణ్ణి.

మా ఊళ్లోకి స్మార్ట్‌ఫోన్లు అప్పుడప్పుడే వస్తున్న రోజులు. శ్రీకాకుళంలో రూము తీసుకుని, గాలీ అలలూ ఎలా ఉంటాయో చెప్పే యాప్ ఒకటి చేశాను. రోజూ బోటేసుకుని వేటకెళ్లే మా అప్పన్న మావ దాన్ని దేవుడికన్నా ఎక్కువ నమ్మాడు. "మా అల్లుడు సేసినాడు" అని ఒడ్డంతా చెప్పుకున్నాడు.

వాతావరణం కబురిచ్చే సర్వర్‌ని గంటకి ఇన్నిసార్లే అడగాలని ఓ హద్దుంటుంది. మించితే "ఆగి అడుగు" అంటుంది. బుద్ధున్న యాప్ ఆగుతుంది, మళ్లీ కాదంటే ఇంకాస్త ఎక్కువసేపు ఆగుతుంది. ఈలోగా ఇది పాత కబురని చూపిస్తుంది. నా యాప్ మాత్రం సర్వర్ కాదన్నకొద్దీ పీకలమీద కూర్చుని అడిగింది.

ఒకరోజు పొద్దున్నే చూస్తే, సర్వర్ విసిగి మాకు జవాబివ్వడమే మానేసింది. ఫోన్లలో మాత్రం నిన్నటి మాటే ఉంది: "సముద్రం ప్రశాంతం." కిటికీ అవతల మబ్బు నల్లగా దిగుతోంది. మావ బయల్దేరే వేళ.

ఫోన్ చేతిలోనే ఉంది. చేస్తే నా యాప్ తప్పు చెబుతోందని నా నోటితో నేనే చెప్పాలి. వేటకెళ్లేవాణ్ణి పిలవకూడదు కదా అనుకున్నాను. ఛీ! ఏనాడూ నమ్మని శకునం ఆవేళ నాకు అక్కరకొచ్చింది. ఫోన్ పక్కనపెట్టి కోడ్ సరిచేస్తూ కూర్చున్నాను.

ఇంతలో గాలివాన విరుచుకుపడింది. నేను బస్సు దిగి ఒడ్డుకి పరిగెత్తేసరికి, వెళ్లిన బోట్లలో రెండింటి ముక్కలు కొట్టుకొచ్చాయి. మనుషులు ఎలాగో ఈదుకొచ్చారు. మావ పాకలో కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు.

"ఎల్లలేదేటి మావా?" అన్నాను.

"ఒరే, నువ్వే కదరా పిలిసినావు! బోటు మీద సెయ్యేసినాను, ఎనకనుంచి 'మావా' అన్నావు. కూకొని నీళ్లు తాగతన్నాను, గాలి లేసినాది. మీ అత్త కూడా ఇన్నాది."

"నీ గొంతు మాకు తెల్దేటి?" అంది అత్త.

నా ఫోన్ తీసి చూసుకున్నాను. మావకి చేసిన కాల్ ఒక్కటీ లేదు. రూములో నేను నోరు మెదిపిందీ లేదు.

ఇప్పుడు సర్వర్ కాదంటే నా యాప్ ఆగుతుంది, పాత కబురైతే పాతదనే చెబుతుంది. ఆ గొంతు ఎవరిదో మాత్రం నాకు ఈనాటికీ అంతుపట్టలేదు. ఏ పెళ్లికెళ్లినా మావ నా భుజమ్మీద చెయ్యేసి, "ఈడు పిలిసి నన్ను బతికించినాడు" అంటాడు. సిగ్గుతో తల ఎత్తలేను. "నేను పిలవలేదు మావా" అన్న ముక్క ఇంతవరకూ నా నోట రాలేదు.