వెనక వాకిలి గైడు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయం లోకంలో లేదని నా గట్టి నమ్మకం. కేజీఎఫ్ బంగారు గనులు మూతపడి కొన్నేళ్లయింది. నేను కోలారులో ఒక కాలేజీలో చరిత్ర చెప్పే తాత్కాలిక లెక్చరర్ని (చరిత్ర కన్నా టై కట్టడం బాగా వచ్చు). గ్రీసు దేశంలోని రోడ్స్ ద్వీపం నుంచి పాత కట్టడాలు తెలిసిన పెద్దావిడ ఒకరు కేజీఎఫ్‌లో దొరల బంగళాలు చూడటానికి వస్తున్నారనీ, ఆమె మెచ్చుకుంటే నా ఉద్యోగం ఖాయమనీ ప్రిన్సిపాల్ గారు చెప్పారు. "నేను ఆడనే పుట్టి పెరిగినోణ్ణి సార్, నాకు తెలీని రాయి యాడుండాది?" అనేశాను.

దారి పొడుగునా ఆవిడకు ఊపిరాడకుండా బ్రిటిషు కట్టడాల మీద ఉపన్యాసం దంచాను. మధ్యలో ఆవిడ నాలుగు ముక్కలు చెప్పగలిగింది. వాళ్ల ద్వీపాన్ని ఇటలీవాళ్లు ముప్ఫై ఏళ్లకు పైగా ఏలారట. పోస్టాఫీసు, మార్కెట్టు, గవర్నరు భవనం కట్టింది వాళ్లేనట. బళ్లో గ్రీకు చదువు లేకుండా చేసిందీ వాళ్లేనట. నేను "ఎక్సలెంట్!" అన్నాను (ఏది ఎక్సలెంటో నన్నడగకండి).

పెద్ద బంగళా చేరాం. నేను ఠీవిగా ముందు నడిచి, ఇల్లంతా చుట్టి, కట్టెల కొట్టం దాటి, వంటింటి గుమ్మం ముందు ఆగి, బూట్లు విప్పి చేత్తో పట్టుకుని, "వెల్కమ్ మేడమ్" అన్నాను. వాచ్‌మన్ తాత పరుగెత్తుకొచ్చాడు.

"యాడికప్పా పోతావు? ముందర వాకిలి తెరిచి పెట్టినాను కదా! ఇది ఆయాలొచ్చే దోవ!"

నా ప్రాణం చివుక్కుమంది. దొరలు పోయి మనవాళ్లు ఆఫీసర్లయ్యాక కూడా మా అవ్వ ఆ ఇంట్లోనే ఆయా. ఆమె కొంగు పట్టుకుని నేను వచ్చిన దారి అదొక్కటే. గైడు గారు ముందు వాకిలి ఎన్నడూ తొక్కలేదు! ఉద్యోగం మీద ఆశ వదులుకుని, ఉన్న సంగతి ఆవిడకు చెప్పేశాను.

ఆవిడ నవ్వలేదు. ఆ గవర్నరు భవనానికి వాళ్ల తాత రాళ్లు మోశాడట. ఇటలీవాళ్లు వెళ్లిపోయాక కూడా చచ్చేదాకా దాని ముందు మెట్లు ఎక్కలేదట. "ఎవరూ వద్దనలేదు, ఆయన కాళ్లే ఒప్పుకోలేదు" అంది. తనూ బూట్లు విప్పి, వంటింట్లోంచే లోపలికి నడిచింది. ప్రిన్సిపాల్ గారికి ఉత్తరం రాస్తూ, "ఈ అబ్బాయికి కట్టడాల గురించి పెద్దగా తెలియదు గానీ, వాటిలో బతికినవాళ్ల గురించి తెలుసు" అంది. ఉద్యోగం ఖాయమైంది.

ఇప్పుడు ఏటా నా విద్యార్థులను ఆ బంగళాకు తీసుకెళ్తాను. వాళ్లు ముందు మెట్లు చకచకా ఎక్కేస్తారు. వాళ్ల వెనక నేనూ ఎక్కుతాను. కాకపోతే మొదటి మెట్టు మీద కాలు పెట్టేముందు, ఎవరైనా కసురుతారేమోనని ఒకసారి అటూ ఇటూ చూస్తాను. అలా బెదిరే ఈ నెత్తి నెరిసిన ప్రొఫెసర్ని తలుచుకుంటే నాకే నవ్వొస్తుంది.