నాలుగు గంటల తొవ్వ

ఎల్లారెడ్డిలో మా మేనత్త పోయింది. దుబాయ్‌లో నేను డ్యూటీకి బయలుదేరుతుండగా ఆమె కొడుకు, మా బావ, ఫోన్ చేశాడు. "అమ్మ పోయిందిరా. తల్లిగారి చీర నువ్వే కప్పాలె. ఇమానంల నాలుగు గంటలే గదా, ఆపుతం, రా" అన్నాడు.

ఆడమనిషి పోతే, పుట్టింటివాళ్లు, అంటే తల్లిగారు, తెచ్చిన చీర కప్పాకే మావైపు పాడె లేపుతారు. అత్తకు మా నాన్న ఒక్కడే తమ్ముడు. ఆయన ఎప్పుడో పోయాడు. ఇక ఆమెకు మిగిలిన పుట్టిల్లు నేనే.

ఆ నాలుగు గంటల మాట వింటే నాకు ఒళ్లు మంట. ఫోన్‌లో కొట్టి చూసినా అదే చెబుతుంది: హైదరాబాద్‌కు దాదాపు రెండున్నర వేల కిలోమీటర్లు, విమానంలో నాలుగు గంటల లోపే. అత్త దాన్ని అక్షరాలా నమ్మింది. సెలవుకు వస్తూ విమానం ఎక్కుతున్నానని చెబితే చాలు, చుడుతున్న బీడీల చాట పక్కన పెట్టి కోడిని కోయించేది. నేను చేరేసరికి ఆ కూర ఎన్నిసార్లు వేడయ్యేదో. "ఏడ తిరిగినవ్‌రా గింతసేపు? దోస్తుల కాడికి పోయినవా?" అని గదిమేది. కామారెడ్డిలో ఆటో నిండలేదంటే, "గంత దూరం ఎగిరొచ్చినోనికి గీ ఆటో ఒక లెక్కనా?" అనేది. తిడుతూనే మంచి ముక్కలన్నీ నా కంచంలో వేసేది. తల్లి లేని నాకు ఆ తిట్లు పడితేగాని ఇల్లు చేరినట్టు ఉండేది కాదు.

ఈసారి ఏమైందో వినండి. సెలవు కాగితం మీద సంతకం పెట్టాల్సిన సూపర్‌వైజర్ ఎక్కడికో పోయాడు. విమానాశ్రయంలో వరుస తర్వాత వరుస. విమానం మాత్రం చెప్పిన వేళకే దిగింది, దానికేం రోగం? హైదరాబాద్ దాటడానికే సగం ప్రాణం పోయింది. మాట్లాడుకున్న కారు కామారెడ్డి బస్టాండ్ దగ్గర పొగలు కక్కి ఆగిపోయింది. అక్కడే చీర కొని షేర్ ఆటో ఎక్కాను. "ఇంకిద్దరు రావాలె అన్నా" అన్నాడు డ్రైవర్. మా అత్తను ఎత్తకుండా నాకోసం ఆపారని చెప్పాకగాని బండి కదలలేదు.

ఇంటి ముందు అందరూ తడిబట్టలతో నిలబడి ఉన్నారు.

"నాలుగు గంటలు జూసినం. ఇంకింత జూసినం. సీకటైతే ఎత్తొద్దన్నరు పెద్దమనుషులు" అన్నాడు బావ. "తల్లిగారు రాలేదని ఎవ్వలు అనొద్దని, పక్కింటామె చీర నీ పేరు జెప్పి కప్పినం."

ఎవరి మీద కోప్పడాలో తెలియలేదు.

బావ నా చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయాడు. దీపం పక్కన నేల చూపించి, "ఈడనే పండవెట్టినం. కప్పు" అన్నాడు.

చీర మడత విప్పి, తలవైపు నుంచి కాళ్లదాకా ఆ ఖాళీ నేల మీద కప్పాను. కడిగిన బండలు ఇంకా ఆరలేదు. కొత్త చీర మెల్లమెల్లగా ఆ తడిని పీల్చుకుంది.