నల్ల బనీనులో నంద్యాల నుంచి కడపకు

మొక్కు లేదు, పందెం లేదు, వెనక తరిమే కుక్క కూడా లేదు. అయినా నలభై నాలుగేళ్ల మనిషి ఒకడు ఎండలో పరుగెత్తుకుంటూ వచ్చి మీ వాకిట్లో నిలబడి నీళ్లడిగితే, మీరు అతన్ని ముందు ఏమని అడుగుతారు?

తొందరపడి జవాబు చెప్పకండి. ఆ మనిషిని నేనే. నన్నేమడిగారో చెబుతాను.

నేను కర్నూల్లో చరిత్ర పాఠాలు చెప్పుకునే లెక్చరర్ని. మా ఊరి గ్రంథాలయంలో ఆదివారం చర్చల్లో మాట్లాడడం పాత అలవాటు. ఏడాది కిందట అలాంటి ఒక సభలో రిటైరైన తహసీల్దారు ఒకాయన లేచాడు. "కాలినడకన కొండెక్కే ముసలమ్మకు ఆ బలం ఎవరిస్తున్నారండీ?" అని అడిగాడు. ఆమె కాళ్లు ఇస్తున్నాయన్నాను. "అయితే మీరు ఏ స్వామి పేరూ ఎత్తకుండా మీ కాళ్లతో అంత పని చేసి చూపండి. చేశాక ఇక్కడికే వచ్చి ఉన్నదున్నట్టు చెప్పండి" అన్నాడు. సభ నవ్వింది. నేను ఒప్పుకున్నాను.

కొండెక్కడం మాత్రం నాకు ఇష్టం లేకపోయింది. ట్రయాథ్లాన్ అనే పోటీ గురించి పేపర్లో చదివాను. ముందు ఈత, వెంటనే సైకిలు, వెంటనే పరుగు. దూరపు పోటీల్లో చిన్నదానికి సుమారు రెండు కిలోమీటర్ల ఈత, తొంభై కిలోమీటర్ల సైకిలు, ఇరవై ఒక్క కిలోమీటర్ల పరుగు. మన పక్క అలాంటి పోటీ పెట్టేవాళ్లెవరూ లేరు. కాబట్టి పోటీదారుణ్ణీ నేనే, నిర్వాహకుణ్ణీ నేనే. ఎనిమిది నెలలు కేసీ కాలువలో ఈదాను, ఆదివారాలు కోడుమూరు దాకా సైకిలు తొక్కి వచ్చాను. 2006 డిసెంబరులో బయలుదేరాను.

శనివారం మధ్యాహ్నం రెండింటికి కర్నూల్లో బస్సెక్కితే నాలుగుంబావుకు నంద్యాల. సైకిలు బస్సు టాపు మీద వచ్చింది. బస్టాండు దగ్గర లాడ్జిలో గది నూట ఇరవై రూపాయలు, దోమలు ఉచితం. నా దారిన వెళ్లదలిచినవారు దోమతెర మరిచిపోకండి.

సాయంత్రం ఓబులేసు వచ్చాడు. ఒకప్పుడు కర్నూల్లో మా వీధి మొగదల సైకిల్ షాపు నడిపాడు, ఇప్పుడు నంద్యాలలో నడుపుతున్నాడు. నాకంటే నాలుగైదేళ్లు చిన్న. నా గేర్లు లేని సైకిలుకు సన్నటి టైర్లు వేసి, హ్యాండిలు కిందికి దించి, దాన్ని మనిషిని చేసినవాడు అతనే. మర్నాడు మోపెడ్ మీద నీళ్లతో నా వెంట వస్తానన్నాడు.

నా బట్టలు చూసి ఒక్కసారి నవ్వాడు. నల్ల బనీను, నల్ల నిక్కరు. నాస్తిక సభలకు నల్లచొక్కా వేసుకునే అలవాటు కొద్దీ అవే కుట్టించాను. పైగా పదిరోజులుగా గడ్డం గీసుకోలేదు.

"ఈ నెలలో ఈ గుడ్డలా సార్?" అన్నాడు. నాకు అర్థం కాలేదు. అయ్యప్ప మాలలు వేసుకునే నెల అని నాస్తికుడికి గుర్తుండదు కదా.

ఆదివారం ఉదయం ఆరూ నలభైకి ఊరి బయట కాలువలో దిగాను. నీళ్లు గడ్డకట్టినట్టున్నాయి. ముందు ఎదురీత ఒక కిలోమీటరు, తర్వాత వాలున ఒక కిలోమీటరు. ఎదురీతలో గట్టు మీది తుమ్మచెట్టు ఒకటి ఎంతకీ వెనక్కి పోలేదు. బర్రెలు కడుగుతున్న పెద్దాయన చాలాసేపు చూసి అడిగాడు.

"ఏమప్పా, కాలవలో ఏమన్నా పోగొట్టుకున్యావా?"

"లేదు పెద్దాయనా, ఈదుతున్నా."

"అది కనపడ్తానే ఉండాదిలే" అని బర్రె వీపు మీద నీళ్లు చల్లుకున్నాడు.

ఏడూ నలభైకి గట్టెక్కాను. రెండు ముద్దలు బొరుగుల ఉగ్గాని తిని సైకిలెక్కేసరికి ఏడూ యాభై అయిదు. రోడ్డుకు ఎడమ పక్క నల్లమల కొండలు, కుడి పక్క నల్లరేగడిలో మోకాలెత్తు శనగ. మొదటి ముప్పై కిలోమీటర్లు హాయిగా సాగాయి. తర్వాత ఎదురుగాలి లేచింది. గాలికి మతం లేదు, కనికరమూ లేదు. పళ్లు బిగించి తొక్కాను.

ఆళ్లగడ్డ దాటాక ఒక పల్లె మొగదల టీ కొట్టు కనిపించింది. ఆగాను. ఓబులేసు ముందే వచ్చి, కొట్టు అవతల చింతచెట్టు కింద మోపెడ్ ఆపుకుని ఉన్నాడు. కొట్టు నడిపే ఆవిడ నేను అడగకముందే పెద్ద స్టీలు గ్లాసులో మజ్జిగ పట్టుకొచ్చింది.

"తాగు సామీ. ఎండన పడి వస్తాండావు."

రెండు గ్లాసులు తాగి డబ్బులివ్వబోయాను. "సామి దగ్గర దుడ్లు తీసుకుంటామా? మా కోసం ఒక శరణం చెప్పుకో, సాలు" అంది. గాలి హోరులో మాట సగమే చెవినపడింది. దండం పెట్టి సైకిలెక్కాను. ఇంకో పదిహేను కిలోమీటర్లకు మరో ఊళ్లో అరటిపళ్లు, కొబ్బరినీళ్లు. అక్కడ ఒక ముసలాయన నా కాళ్లకు మొక్కబోయాడు. అప్పుడు తెలిసింది.

"మాల యాడ సామీ?" అని ఆయన అనుమానంగా అడిగితే, రోడ్డవతల నుంచి ఓబులేసు కేకేశాడు: "బనీను లోపల ఉండాదిలే తాతా."

ఊరు దాటాక సైకిలాపి ఓబులేసు మీద విరుచుకుపడ్డాను. నేను ఏ మాట నిలబెట్టుకోవడానికి బయలుదేరానో, ఆ మాటనే నువ్వు అబద్ధంతో ముంచేశావన్నాను. ఈ లెక్కన కర్నూలు సభలో నేనేమని చెప్పాలన్నాను.

అతను మోపెడ్ స్టాండు వేసి నిదానంగా విన్నాడు.

"నల్ల బనీను నేను కుట్టిచ్చినానా సార్? వాళ్లే సామీ అన్యారు. మీరు కాదనలేదు."

"ఇప్పుడు చెబుతున్నాను. ఇకమీద ఎవరడిగినా నిజం చెప్పు."

"చెప్తా. కానీ సామి కాదంటే తర్వాత ఇంకో మాట అడుగుతారు. దానికి జవాబు పెట్టుకోండి."

మైదుకూరు చేరేసరికి ఒంటిగంటా పది. సైకిలు ఓబులేసు తెలిసినవాళ్ల షాపులో పెట్టి, చెనిక్కాయల ఉండ, అదే వేరుశనగ ఉండ, ఒకటి నోట్లో వేసుకుని పరుగు మొదలుపెట్టాను. అయిదు గంటలు తొక్కిన కాళ్లు పరుగుకు రావు. మొదటి రెండు కిలోమీటర్లు ఎవరో అరువిచ్చిన కాళ్లమీద వెళుతున్నట్టుంది. తర్వాత కుదిరింది. డిసెంబరయినా మా సీమలో ఎండ ఎండే. తొమ్మిదో కిలోమీటరుకు మోపెడ్‌లో పెట్రోలయిపోయింది. ఓబులేసు దాన్ని నెట్టుకుంటూ బంకు కోసం వెనక్కి వెళ్లాడు. నీళ్ల క్యాను దానికే కట్టి ఉంది. చేతిలో సీసాతో నేను ముందుకు పోయాను. పన్నెండో కిలోమీటరుకు సీసా ఖాళీ అయింది. పద్నాలుగో కిలోమీటరుకు ఎడమ పిక్క రాయిలా బిగుసుకుంది.

రోడ్డు పక్క పెంకుటింటి ముందు నడివయసు రైతు ఒకాయన కూర్చుని ఉన్నాడు. ఆయన భార్య బిందె కడుగుతోంది. నీళ్లడిగాను. ఆవిడ చెంబు ముంచి అందించబోతుండగా ఆయన అడిగాడు.

"ఏ గుడికి సామీ?"

ఊరుకుంటే చెంబు చేతికొచ్చేది. పిక్క ఊరుకోమనే చెబుతోంది.

"గుడికి కాదు. నేను మాల వేసుకోలేదు."

"మరి దేనికి పరిగెత్తాండావు?"

"ఊరికే."

"ఊరికే ఎవురన్నా పరిగెత్తుతారా? ఏ ఊరప్పా మీది?"

"కర్నూలు."

"ఏ మనుషులు మీరు?"

"మనుషులమే."

"అది కనపడ్తాంది. ఏ మనుషులని."

నా పేరు చివరి కులం తోకను ఇరవై ఏళ్ల కిందటే కత్తిరించాను. ఆ తోక ఇప్పుడు చెబితే చెంబు వస్తుందని నాకు తెలుసు. చెప్పలేదు. ఆవిడ మొగుడి వైపు చూసింది. చెంబు కాస్త వెనక్కి తీసుకుని, మెత్తగానే అంది:

"దోసిలి పట్టప్పా."

అలా ఎత్తు నుంచి నీళ్లు పోసే ఆచారం మీద నేను రాసిన వ్యాసాలు పది దాకా ఉంటాయి. తాగవద్దు, ఎదురుతిరగండి అని వాటిలో రాశాను. రాసినప్పుడు నాకు దప్పిక లేదు. దోసిలి పట్టాను. వంగి, పశువులా తాగాను. సగం నీళ్లు మోచేతుల మీదుగా కారిపోయాయి. ఆవిడ ఇంకో చెంబు కూడా పోసింది. దయ లేని మనిషి కాదు. ఆ దయకు కొలత మాత్రం ఉంది.

నేను మూతి తుడుచుకుంటుండగా ఓబులేసు వచ్చాడు. మోపెడ్ దిగలేదు, ఇంజను ఆపలేదు.

మిగిలిన ఏడు కిలోమీటర్లు కుంటుతూ, నడుస్తూ, పరుగెత్తుతూ వెళ్లాను. పెన్న వంతెన మీద గాలి చల్లగా తగిలింది. కింద నీటికన్నా ఇసుకే ఎక్కువ. నాలుగూ అయిదుకు కడప పొలిమేరలో, నేను ముందే గుర్తు పెట్టుకున్న కిలోమీటరు రాయిని చేత్తో తట్టాను. తొమ్మిది గంటల ఇరవై అయిదు నిమిషాలు. ఓబులేసు గడియారం చూసి, "అయిపాయ సార్" అన్నాడు. ఎనిమిది నెలలు ఎదురుచూసిన సంతోషం రావాలి కదా. వచ్చింది, కానీ పక్కన ఇంకేదో కూర్చుని ఉంది.

రాత్రికి కడప లాడ్జిలో సంగటి, చెనిక్కాయల చట్నీ తిని పడుకున్నాం. సోమవారం ఉదయం ఆరున్నరకు మోపెడ్‌ను టాపు మీద కట్టించి నంద్యాల బస్సెక్కాం. మైదుకూరులో సైకిలు కూడా టాపెక్కింది. బస్సులో అడిగాను.

"నిన్న ఒక్కచోటయినా నువ్వు కొట్టు దగ్గరికి రాలేదే?"

"మా అత్తగారి ఊరు ఈ రోడ్డు మీదే సార్. నన్ను ఎరిగినోళ్లు శానామంది. నాకు గ్లాసు వేరే ఉంటాది. మీ ముందర దాంట్లో తాగేదెందుకని నీళ్ల క్యాను కట్టుకున్యా."

రోజంతా నాకు ఆకలి, దప్పిక, గాలి, పిక్క గుర్తున్నాయి. చింతచెట్టు కింద నిలబడిన మనిషి ఎందుకు నిలబడ్డాడో చూడలేదు.

"నేను కులం చెప్పలేదు ఓబులేసూ. తోక ఎప్పుడో కత్తిరించుకున్నా" అన్నాను.

"కత్తిరించుకునేది తోక ఉన్నోళ్లే సార్" అన్నాడు. కోపంగా కాదు, టైరులో ముల్లు చూపించినట్టు.

బస్సు నిన్నటి మజ్జిగ కొట్టు ముందే టీ కోసం ఆగింది. ఈసారి చూశాను. గోడకు బయటి పక్క చిన్న గూట్లో రెండు గాజు గ్లాసులు బోర్లించి ఉన్నాయి. ఓబులేసు వెళ్లి ఒకటి తీసుకుని, తొట్టి దగ్గర తనే కడుక్కుని పట్టుకున్నాడు. ఆవిడ తగలకుండా టీ పోసింది. నేను రెండోది తీసుకుని కడిగి చాపాను.

"అది మీకు కాదు సామీ" అంది ఆవిడ కంగారుగా.

"నేను స్వామిని కాదమ్మా. నిన్న కూడా కాదు. ఇందులోనే పోయండి."

కెటిల్ గాలిలో ఆగింది. కొట్టులో నలుగురూ తలలు తిప్పారు. డ్రైవరు హారను కొట్టాడు. చివరికి పోసింది. నా ముఖం చూడలేదు. డబ్బులు మాత్రం తీసుకుంది.

బస్సులో ఓబులేసు సంతోషిస్తాడనుకున్నాను. కిటికీలోంచి చూస్తూ అన్నాడు: "మీరు బస్సెక్కి పోతాండారు. నేను ఉగాదికి మళ్లీ ఆ కొట్టుకు వస్తా. అప్పుడు మాట పడేది నేను."

అతను చెప్పింది నిజం.

కర్నూలు సభలో తహసీల్దారు గారికి ఇచ్చిన మాట ప్రకారం ఉన్నదున్నట్టు చెప్పాను. నా కాళ్లను ఏ దేవుడూ మోయలేదు. కానీ దారిలో సగం దూరం నాకు మజ్జిగ పోసింది లేని మాల. అది లేదన్న క్షణంలో కులం అడిగారు. భక్తికి నలభై ఒక్క రోజులు కులాన్ని మరిచిపోవడం చేతనైతే, మిగిలిన రోజులు ఎందుకు చేతకాదో ఆయన్నే అడిగాను. ఆయన కూర్చున్నాడు. నేనూ గెలిచినట్టు అనిపించలేదు.

ఒకడు ఒకరోజు ఆ గ్లాసడిగితే పిచ్చివాడంటారు. ఆ దారిన రోజూ ఎన్ని బస్సులు ఆగుతాయో, ఎంతమంది టీ తాగుతారో మీకే తెలుసు. అందుకే మిమ్మల్ని పరుగెత్తమని అడగడం లేదు, ఈదమని అడగడం లేదు. మీ ఊరి కొట్టులో గోడ బయట వేరేగా గ్లాసు ఉందేమో రేపు ఉదయం చూడండి. ఉంటే దాన్నే కడిగి చాపండి. అందులోనే పోయమనండి. ఎల్లుండి మళ్లీ వెళ్లండి, పక్కింటివాణ్ణి తీసుకుని వెళ్లండి. ఆ గ్లాసు లోపలి వరుసలోకి వచ్చేదాకా మానకండి.