నీలి మూత ట్యూబు

కరోనా ముదిరిన ఆ వేసవిలో నయాపూల్ దగ్గర షేర్ ఆటో ఎక్కాను. నా పక్కన ఒక పెద్దాయన ఒళ్లో టిఫిన్ డబ్బా పెట్టుకుని కూర్చున్నాడు. స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడల్లా దాన్ని రెండు చేతులతో పైకెత్తి, దాటాక మళ్లీ ఒళ్లో పెట్టుకుంటున్నాడు.

"అందులో ఏముంది బాపూ?" అని అడిగాను.

"మా ఇంటామె రక్తం బిడ్డా. దవాఖానల ఉన్నది. రక్తం గడ్డ కడ్తుందా అని చూసే పరీక్షంట, బయట చేపిచ్చుకొని రమ్మన్నరు."

మూత తీసి చూపించాడు. తువాలు మడతల్లో నీలి మూత ట్యూబు. డి-డైమర్ పరీక్షది.

"నిన్న లెక్క మస్తు పెరిగిందన్నరు. నిన్న నేను జేబుల ఏసుకొని వచ్చిన. కుదుపులకే గడ్డ కట్టుంటది. ఇయ్యాల కదలనిస్తలేను."

నేను ల్యాబ్ టెక్నీషియన్‌ని. ఆ ట్యూబులో రక్తం గడ్డ కట్టకుండా మందు ఉంటుంది. కుదుపులకు ఆ అంకె పెరగదు. ఆ మాట నోటిదాకా వచ్చింది. చెబితే ఆయన తప్పేమీ లేదని తేలుతుంది. నిన్నటి అంకె నిజమని కూడా తేలుతుంది.

ముందు పెద్ద గుంత కనిపించింది. "భాయ్, జర ఆహిస్తా" అని డ్రైవర్‌కు చెప్పి, డబ్బాకు ఇటువైపు నేనూ చెయ్యి వేశాను. ఇద్దరం కలిసి ఎత్తాం.

ఆ రోజు అంకె ఎంత వచ్చిందో నాకు తెలియదు. అంతకుముందు మా ల్యాబ్‌కు రక్తం తెచ్చినవాళ్లను తలెత్తి చూడకుండానే, "అక్కడ స్టాండులో పెట్టండి" అనేదాన్ని. ఇప్పుడు లేచి, రెండు చేతులతో అందుకుంటున్నాను.